గోడ సందులో టీచరమ్మ కుర్చీ

టీచరమ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను నంద్యాలలో మూడో తరగతి పిల్లలకు ఎక్కాలు చెప్పిస్తున్నాను. బడి వేళలో అమ్మ ఎప్పుడూ ఫోన్ చెయ్యదు. అందుకే ఫోన్‌లో ఆమె పేరు చూడగానే పిల్లలను ఆపి వరండాలోకి వచ్చాను. "టీచరమ్మ లేదు పాపా" అంది. ఏడుస్తూనే, ఊపిరి కూడా తీసుకోకుండా, "మరి గోడ?" అంది.

ఆ రోజు మా కాలనీలో ప్రతి ఇంట్లోనూ ఈ రెండు మాటలే, ఇదే వరసలో వచ్చాయని తరువాత తెలిసింది. టీచరమ్మ లేదు. మరి గోడ?

ఆళ్లగడ్డకూ నంద్యాలకూ మధ్య, పెద్ద రోడ్డు మీద ఉన్న చిన్న ఊరు మాది. మొన్నమొన్నటి దాకా పంచాయతీ, ఇప్పుడు నగర పంచాయతీ. టీచరమ్మ మిషన్ బడిలో పనిచేసి రిటైరయింది. ఆ తరువాత అందరూ పట్టుబడితే మా వార్డుకు కౌన్సిలరయింది. ఇది చదువుతున్న మీలో కొందరు ఆమె దగ్గర అక్షరాలు దిద్దే ఉంటారు. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి మనిషిని నేను. నన్ను ఎక్కించింది ఆమె.

మొదటి ఏడాదే బడి తనిఖీకి ఒక పెద్దసారు వచ్చారు. ఆయన బూట్ల చప్పుడుకు నేను లేచి వాకిలి వైపు పరుగెత్తాను. టీచరమ్మ నా రెక్క పట్టుకుని వెనక్కి తెచ్చింది. చెవి దగ్గర వంగి, "బయమైతే కూచో. కూచుంటే కాళ్లు వణికేది ఎవురికీ కనపడదు" అంది. నేను కూర్చున్నాను. అప్పుడామె తన కుర్చీలో కూర్చుంటూ, "నేనూ అందుకే కూచుంటాండా" అంది, పెద్దసారుకు వినపడకుండా.

రిటైరయ్యాక కూడా ఆమె కొంగు ముడిలో ఒక సుద్దముక్క ఉండేది. ఎదురొచ్చిన ప్రతి పిల్లనూ "ఏం కూర తిన్యావ్?" అని అడిగేది. పప్పు అంటే సంతోషపడేది, పచ్చిమిరపకారం అంటే ఆ పిల్లను ఇంటికి పిలుచుకుపోయేది. టీ సాసర్‌లో పోసుకుని, ఊదకుండా, చల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చునేది. నన్ను మూడో తరగతి నుంచీ "ఏమే పంతులమ్మా" అని ఎగతాళిగా పిలిచేది. నాకు నంద్యాలలో ఉద్యోగం వచ్చాక కూడా పిలుపు అదే. ఎగతాళి మాత్రం పోయింది.

ఇక గోడ సంగతి.

ఒక ఉదయం మైకు కట్టిన ఆటో మా వీధిలోకి వచ్చింది. కాలనీ వెనక బయలులో నగర పంచాయతీ వారు లీజర్ సెంటర్ కట్టబోతున్నారని చెప్పి పోయింది. ఈత కొలను, షటిల్ ఆడే హాలు, చదువుకునే గది అని ఇంకా ఏవేవో చెప్పింది. మా వాళ్లకు వినపడింది మొదటి మాట ఒక్కటే, అదీ సగమే. లీజు. మా వైపు లీజు అంటే అందరికీ తెలుసు. గని లీజు, చేను లీజు, చెరువు లీజు. లీజుకు పోయిన చోట మనల్ని అడుగు పెట్టనివ్వరు.

నాయన నాపబండల ఫ్యాక్టరీలో పని వదిలేసి వచ్చాడు. "లీజుకిస్తాండారంట. ఇండ్లు పీకుతారు" అన్నాడు. అవ్వ తన ఇనపపెట్టెను వాకిట్లోకి ఈడ్చుకొచ్చి దాని మీద కూర్చుంది. ఆ మాట లీజు కాదని నాకు తెలుసు. కానీ వాళ్ల ముఖాలు చూశాక నాకూ నమ్మకం చాలలేదు. పట్టా కాగితం ఎక్కడుందని అడిగింది నేనే.

టీచరమ్మ వచ్చి సంగతి విని మొదట పకపకా నవ్వింది. అవ్వ పెట్టె మీద నుంచి లేవకపోవడం చూసి నవ్వు ఆపేసింది.

"లీజు కాదవ్వా, లీజర్. లీజర్ అంటే తీరిక."

"తీరికా?" అంది అమ్మ. "తీరిక్కూడా బిల్డింగు కడతారా?"

"కడతాండారు."

"మనకు తీరిక యాడిదమ్మా? ఆడ ఎవురు కూచుంటారు?"

"నువ్వే కూచుంటావ్. నేను పిలుచుకపోతా."

ఆ రోజు నుంచి మా కాలనీలో దానికి తీరిక బిల్డింగు అనే పేరు పడింది. అవ్వ పెట్టె మాత్రం మళ్లీ లోపలికి పోవడానికి చాలా రోజులు పట్టింది.

పునాదులు తీసే రోజుల్లో టీచరమ్మ ప్లాను చూసి వచ్చింది. ఈసారి నవ్వలేదు. స్థలం చుట్టూ ప్రహరీ గోడ, పెద్ద రోడ్డు వైపు ఒక్కటే గేటు. మా వైపు ఏమీ లేదు. కావాలని వదిలేశారని నేను అనను. ఆ బయలులో మా దారి ఒకటి ఉందని ప్లాను గీసినవాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

ఆ దారినే మేము బస్టాపుకు పోతాం. అది మూసుకుపోతే కాలువ గట్టు మీదుగా చుట్టు తిరిగి, బ్రాందీ షాపు ముందు నుంచి నడవాలి. గట్టు మీద దీపాలు లేవు. మా చెల్లెలు ఆళ్లగడ్డలో ఇంటర్ చదువుతోంది. చలికాలంలో ఆమె బస్సు దిగేసరికే మసక పడుతుంది. నాయన ఒక్కటే మాట అన్నాడు. "దారి పోతే కాలేజీ కూడా పోతుంది. గట్టు మీద నేను పంపను." నాయన చెడ్డవాడు కాడు. నా చదువు అయ్యేదాకా రోజూ బస్టాపుకు నా వెనకే నడిచిన మనిషి. ఇప్పుడు మోకాళ్లు పట్టేశాయి.  అప్పటి నుంచి చెల్లెలు రోజూ సాయంత్రం బయలుకు వెళ్లి గోడ ఎంత దూరం వచ్చిందో చూసి వచ్చేది.

కౌన్సిల్ మీటింగుకు టీచరమ్మ నన్ను తోడు పిలుచుకుపోయింది. మా వైపు చిన్న గేటు కావాలని అడిగింది. ఒక కౌన్సిలరు నవ్వాడు. "ఆ పక్క గేటు పెడితే మేకలొచ్చి ఈత కొలనులో నీళ్లు తాగుతాయి టీచరమ్మా."

"తాగితే నేనే తోలుకుంటాలేప్పా. నువ్వు బడికొచ్చేటప్పుడు మీ మేక నీ వెనకే వచ్చి నా హాజరుపట్టీ తినిపోలా? దాన్ని తోలింది ఎవురు?"

అందరూ నవ్వారు. ఆ కౌన్సిలరు కూడా నవ్వాడు. వచ్చే మీటింగులో పెడదాం అని చైర్మన్ అన్నారు. టీచరమ్మ కూర్చుంది. బల్ల కింద ఆమె చెప్పులు నేల మీద టకటకా కొట్టుకోవడం నాకు వినపడింది. బయటికి వచ్చాక, "మేక మాట రాకపోతే నా నోరు పెగిలేది కాదే పంతులమ్మా" అంది.

వచ్చే మీటింగు దాకా గోడ ఆగదు కదా. రెండు వైపుల నుంచీ కట్టుకుంటూ వస్తున్నారు. మా దారి దగ్గరికి చేరేసరికి, టీచరమ్మ ఇంటి నుంచి నీలం ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, మిగిలిన సందులో వేసుకుని కూర్చుంది. ఒళ్లో చేట, చేటలో శెనక్కాయలు.

"ఏందీ టీచరమ్మా, ఈడ కూచుంటివి?" అన్నాడు మేస్త్రీ.

"నేను లేసేదాంకా ఈడ ఇటుక పెట్టొద్దప్పా."

"ఎప్పుడు లేస్తావ్?"

"గేటొచ్చినాక."

"అయితే నిన్ను గూడా పెట్టి కట్టేస్తా."

"కట్టు. కిటికీ మాత్రం పెట్టు, గాలాడాల."

మేస్త్రీ తల గోక్కుని ఇంకో పక్క పని మొదలుపెట్టాడు. మరుసటి రోజు నుంచి తన టీలో సగం ఆమె సాసర్‌లో పోసేవాడు. వాళ్లు పనిముట్లు కడుక్కుని వెళ్లేదాకా ఆమె లేచేది కాదు. అందరూ ఆమెకు ధైర్యం ఎక్కువ అనేవారు. నాకు ఆ బల్ల కింది చప్పుడు గుర్తొచ్చేది. ఎందుకు కూర్చుందో నాకు తెలుసు.

టీచరమ్మ ఆయాసం వచ్చి నంద్యాల ఆస్పత్రిలో చేరాక, బడి వదలగానే వెళ్లి చూశాను. ముక్కుకు గొట్టం ఉంది. మాట నెమ్మదిగా వచ్చింది.

"కుర్చీ ఆడనే ఉందా?"

"ఉంది టీచరమ్మా."

"ఎవురు కూచున్యారు?"

నేను ఆమె దుప్పటి సర్దాను. ఎవరూ కూర్చోలేదు. ఖాళీ కుర్చీని చూసి మేస్త్రీయే జాలిపడి ఆగాడు. ఆమె నా ముఖం చూసి తెలుసుకుంది. "నాకు బయమైతాంది పంతులమ్మా" అంది. గేటు గురించా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. "మీ గురించే. నేను లోపలికొస్తే లేసేది, బయటికి పోతే లేసేది నేర్పినా మీకు. ఇప్పుడు నేను పోతే అందరూ లేసి నిలబడతారేమో."

అవే ఆమె నాతో అన్న చివరి మాటలు.

సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నప్పుడు, కౌన్సిలర్లు, మేస్త్రీ, మేక కౌన్సిలరు, మేమూ అందరం నిలబడే ఉన్నాం. ఆమె చెప్పినట్టే. నాకు ప్రార్థన వినపడలేదు. ఆ సందు వెడల్పే కళ్ల ముందు ఉంది. మూడు బారల గోడ కట్టడానికి ఒక పూట చాలు.

మరుసటి ఉదయం సందు దగ్గర సిమెంటు కలిపి ఉంది. ఈ చివర నుంచి ఆ చివరకు నూలుదారం బిగించి ఉంది. మేస్త్రీ మా ముఖాలు చూడలేకపోయాడు. "నాదేముందమ్మా, కట్టమన్యారు, కడతాండా" అన్నాడు. నాయన నేల చూపులు చూస్తున్నాడు. చెల్లెలు పుస్తకాల సంచీని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.  నేర్చుకున్న మాటలు ఒక్కటీ నాకు రాలేదు.

అమ్మ కదిలింది. ఆఫీసు మనిషి కనపడితే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునే అమ్మ, దారం ఎత్తి, వంగి, అవతలికి పోయి, టీచరమ్మ కుర్చీలో కూర్చుంది. చేతుల్లో పని లేకపోతే ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు. "ఎవురన్నా శెనక్కాయలు తెండి" అంది.

మేస్త్రీ కలిపిన సిమెంటును ఇంకో చోటికి ఎత్తించాడు.

గేటు సంగతి వచ్చే మీటింగులో ఉందని చెప్పారు. ఏమవుతుందో నాకు తెలియదు. మా తరఫున మాట్లాడడానికి అక్కడ ఇప్పుడు టీచరమ్మ లేదు. ఎవరింటి మేక ఏ పట్టీ తినిందో గుర్తున్నవాళ్లూ లేరు. కాలనీ ఆడవాళ్లం వంతులు వేసుకున్నాం. ఎవరు ఏ రోజు పనికి పోకపోతే ఆ రోజు వంతు వాళ్లది. అవ్వ తన వంతుకు ఇనపపెట్టె తెచ్చుకుంటానంటే వద్దన్నాం.

ఈ రోజు ఆదివారం, నా వంతు. ఇది ఆ కుర్చీలోనే కూర్చుని రాస్తున్నాను. టీచరమ్మ బరువు మనిషి. కుర్చీ కాళ్లు మట్టిలో దిగి నాలుగు గుంతలు పడ్డాయి. మాలో ఎవరు కూర్చున్నా కాళ్లు ఆ గుంతల్లోనే పెడుతున్నాం. వెనక నూలుదారం ఇంకా బిగించే ఉంది. గాలి వచ్చినప్పుడల్లా అది కదిలి నా వీపుకు తగులుతోంది. కాళ్లు వణుకుతున్నాయి. ఎవరికీ కనపడటం లేదు.