వీపు కింద చలి

మా ఎదురింటి విశ్వేశ్వరరావుగారు ఆ చలికాలంలో పొద్దున్నే వచ్చి నా కారుకు ఆనుకుని నిలబడేవారు. నాది రాయదుర్గంలో నైట్ షిఫ్ట్. తెల్లారాక నార్సింగి చేరి, బండి సెల్లార్‌లో పెట్టి, ఎప్పుడు మంచమెక్కుదామా అన్న ధ్యాసలో ఉండేవాణ్ణి. నేను సీటుబెల్టు తీయకముందే ఈయన వచ్చి బానెట్‌కు వీపు ఆనించేసేవారు. గీతలు పడతాయేమోనని నాకు ఒళ్ళు మండేది. పెద్దాయన కదా అని కొన్నాళ్ళు పళ్ళబిగువున ఊరుకుని, ఒకరోజు అడిగేశాను.

"ఏంది సార్, మా బండితోని ఏం పని మీకు?"

"ఇంజను వేడిగా ఉంటుందండి, వీపు కాచుకుంటున్నాను," అన్నారు. "ఎవరితోనూ అనకండి, కిరణ్ పాల్‌గారూ."

సంగతంతా ఆ తర్వాత మెల్లగా బయటపడింది. ఆయన కాకినాడలో ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన మనిషి. భార్య పోయాక కొడుకు రవికిరణ్ దగ్గరికి వచ్చేశారు. ఇల్లు చూస్తే రెండు బెడ్‌రూములే. ఆ కార్తీకంలో కోడలు భానుశ్రీకి ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. సాయానికి అమలాపురం నుంచి ఆమె తల్లి రాజరాజేశ్వరిగారు వస్తే, ఈయన తన గది ఆవిడకు ఇచ్చేశారు. హాల్లో పడుకోవచ్చు. కానీ వియ్యపురాలు మంచినీళ్ళకు అటూ ఇటూ తిరిగేచోట లుంగీ కట్టుకుని కాళ్ళు బార్లా చాపడం ఆయన మర్యాదకు ససేమిరా కుదరలేదు. రవికిరణ్ ట్రెక్కింగుకని కొని, ట్యాగు కూడా తీయకుండా అటకమీద పడేసిన హ్యామక్ ఒకటి ఉంది, అదే గుడ్డ ఊయల. దాన్ని దింపించి, బాల్కనీలో రెండు కొక్కేలు కొట్టించి, అందులోకి కాపురం మార్చారు.

ఇల్లు పదకొండో అంతస్తు. గండిపేట వైపు నుంచి వచ్చే గాలికి అక్కడ అడ్డమే లేదు. మంకీ క్యాపు పెట్టుకున్నారు. ఊయలలో ఒక రజాయి పరుచుకుని, పైన ఒకటి చాలక రెండు కప్పుకున్నారు. పైనంతా వెచ్చగానే ఉండేది, వీపు మాత్రం మంచుగడ్డ. నిద్ర పట్టిందా నాన్నా అని కొడుకు అడిగితే, ఊటీలో ఉన్నట్టుందిరా అనేవారు.

నిజం చెప్పకపోవడానికి కారణముంది. అన్నయ్యగారికి తన మూలంగా ఇబ్బందైతే ఒక్క పూట కూడా ఉండనని రాజరాజేశ్వరిగారు వచ్చినరోజే అనేశారు. అన్నమాట మీద నిలబడే మనిషి. ఆవిడ వెళ్ళిపోతే భానుశ్రీ గతేమిటి? కుట్లు మానలేదు, పాలు సరిగా పడలేదు, పిల్ల ఏడిస్తే తల్లీ ఏడ్చేది. అమ్మ పక్కన కూర్చుని కలిపి పెడితేనే ఆ అమ్మాయి నాలుగు ముద్దలు తినేది. తానూ కొడుకూ కలిసినా ఆవిడ కాలిగోటికి చాలమని విశ్వేశ్వరరావుగారు నాతో దాపరికం లేకుండా చెప్పారు. అందుకే వీపు సంగతి నా బానెట్‌తో సరిపెట్టుకున్నారు. అది విన్నాక గీతల గురించి నేనింక మాట్లాడలేదు.

ఆ వియ్యంకుల మధ్య మాటలు నడిచే తీరే వేరు. ఎదురెదురుగా నిలబడే, అన్నయ్యగారు కాఫీ తాగారేమో కనుక్కోవే అని ఆవిడ కూతురితో అనేవారు. తాగానని చెప్పరా అని ఈయన కొడుకుతో అనేవారు. మా ఆవిడ లీదియా అది చూసి నవ్వాపుకోలేక ఇంట్లోకి పారిపోయి వచ్చేది.

రాజరాజేశ్వరిగారికి ఆ ఇంట్లో నచ్చనిది ఒక్కటే, మంచం. బాలింతకు మంచం కింద కుంపటి పెట్టాలని, నడుముకు కిందనుంచి సెగ తగలాలని ఆవిడ పట్టుదల. ఇక్కడి మంచాల కిందేమో అన్నీ సామాన్ల అరలు. కింద ఖాళీ లేనిది మంచమెలా అవుతుందని లీదియాను నిలదీశారట. ఊరుకోక మంచం పక్కనే కుంపటి రాజేసి సాంబ్రాణి వేస్తే, కారిడార్‌లో అలారం మోగి, వాచ్‌మన్ నర్సింహ బకెట్‌తో పరుగెత్తుకొచ్చాడు. నర్సు కాబట్టి లీదియా కల్పించుకుని, వేడినీళ్ళ బ్యాగు ఇచ్చి రాజీ కుదిర్చింది.

ఒక పొద్దున పాలప్యాకెట్ల కోసం ఆవిడే సెల్లార్‌కు దిగారు. విశ్వేశ్వరరావుగారు బానెట్‌కు వీపు ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆవిడ ఒక్క క్షణం చూసి, పాలు తీసుకోకుండానే లిఫ్ట్ ఎక్కేశారు. నేను చెప్పగానే ఆయన లిఫ్ట్ వైపు పరుగెత్తారు. ఇద్దరం పైకి వెళ్ళేసరికి ఆవిడ పెట్టె గుమ్మంలో ఉంది. భానుశ్రీ గోడ పట్టుకుని ఏడుస్తోంది. రవికిరణ్ ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఇంటి పెద్దను చలిలో పడేసి నేను గదిలో పడుకోలేనే," అన్నారావిడ కూతురితో. "మీ మామగారికి చెప్పు."

విశ్వేశ్వరరావుగారు కొడుకు వంక చూశారు, కోడలి వంక చూశారు. మాట చేరవేసే స్థితిలో ఎవరూ లేరు. నేరుగా ఆవిడ వైపే తిరిగారు.

"చెల్లెమ్మా, అబద్ధమాడాను. వీపు కొంకర్లు పోతోంది. అయినా మీరు వెళితే నాకు గది దొరుకుతుంది గానీ ఈ పిల్లకు అమ్మ దొరకదు. నాకా గది వద్దు. ఉండండి."

రాజరాజేశ్వరిగారు చెంగుతో ముక్కు తుడుచుకున్నారు.

"వీపొక్కటేనా?" అన్నారు, ఈసారి ఆయనతోనే.

"పైన చెమట పడుతుందండి."

ఆవిడ పెట్టె వదిలేసి బాల్కనీలోకి నడిచారు. ఊయల కిందికి వంగి చెయ్యి ఆడించి చూశారు. ఆ ఇంట్లో కింద ఖాళీ ఉన్న పడక ఆవిడకు ఇన్నాళ్ళకు కనబడింది. కుంపటి తెమ్మంటారేమోనని నాకు భయమేసింది. ఇది నైలాన్ అమ్మా, సెగ తగిలితే కరుగుతది అని ముందే అనేశాను. ఆ మాత్రం తనకూ తెలుసని ఆవిడ నన్నొక చూపు చూసి, ఊయలలో పరిచిన రజాయిని బయటికి లాగారు. అప్పడంలా అణిగిపోయి ఉంది.

"దూది అణిగితే పరుపు చల్లబడుతుందనే గదా ఏకించుకుంటాం," అన్నారు. "ఒంటి బరువంతా దీనిమీదేసి వెచ్చగా లేదంటే ఎలాగండీ అన్నయ్యగారూ?"

బట్టలారేసే తాడు తెప్పించి, ఆ రజాయి నాలుగు మూలలూ కొక్కేలకు కట్టించి, ఊయల కింద ఇంకో ఊయలలా వేలాడదీయించారు. అది వీపుకు తగులుతూ ఉండాలి గానీ వీపు కింద నలగకూడదట. పక్కల నుంచి గాలి దూరకుండా అంచులు బిగించడం మాత్రం నన్ను నమ్మక తానే చేశారు. భానుశ్రీ కళ్ళు తుడుచుకుని పెట్టె లోపలికి జరిపింది.

మర్నాడు సెల్లార్‌లో నాకోసం ఎవరూ లేరు. ఏదో వెలితిగా అనిపించి, పైకి వెళ్ళి కనుక్కున్నాను. పెద్దాయన ఇంకా నిద్ర లేవలేదన్నారు.

మాఘంలో రాజరాజేశ్వరిగారు ప్రయాణమయ్యారు. అప్పటికి పిల్ల మెడ నిలుపుతోంది, భానుశ్రీ తన అన్నం తాను తింటోంది. నాన్నకు మళ్ళీ గది వచ్చింది కదా అని రవికిరణ్ ఊయల కింది తాళ్ళు విప్పబోతే, మాఘం చలి ఇంకా మిగిలుందని ఆవిడ ఆపేశారు. ఆయనకూ గదిలోకి మారాలని తొందరేం లేదు. గుమ్మం దాటబోతూ ఆవిడ ఆగారు.

"మళ్ళీ చలేస్తే వీళ్ళకు ఊటీలా ఉందని చెప్పుకోండి, అన్నయ్యగారూ. నాకు మాత్రం ఫోన్ చేసి నిజం చెప్పండి."

"అలాగే చెల్లెమ్మా," అని, విశ్వేశ్వరరావుగారు కొడుకును పక్కకు జరిపి, ఆ పెట్టె తానే లిఫ్ట్‌దాకా మోశారు.