డ్రాగన్ గుహ ముందు బోణీ బేరం

డ్రాగన్ చేతిలో చచ్చిన వీరులు లోకంలో కోకొల్లలు. దాని వాకిట్లో వంటసామాన్లు కొంటూ చచ్చిన వీరుణ్ణి మాత్రం నేనొక్కడినే తయారుచేశాను. ఆ ఘోరం కర్నూల్లో, మా ఇంటి ముందుగదిలో, పట్టపగలు జరిగింది.

కంప్యూటర్లు ఇళ్లలోకి అప్పుడప్పుడే వస్తున్న రోజులు. నాది స్టీలు సామాన్ల కొట్టు. మా ఆవిడ తమ్ముడు చంద్ర బద్వేలు నుంచి వచ్చి మా దగ్గరే ఉండి ఇంజనీరింగ్ చదివేవాడు. నోరు తెరిస్తే పళ్లు అరిగిపోతాయన్నంత పొదుపుగా మాట్లాడేవాడు. క్లాసులో ఒక్క స్నేహితుడూ లేడు. ఉన్నదల్లా కంప్యూటరులో ఒక ఆట. కత్తి పట్టిన వీరుడు అడవులు దాటి, మాంత్రికులను గెలిచి, చివరికి నిప్పులు కక్కే డ్రాగన్‌ను చంపాలి. నెలల తరబడి ఆడి చంద్ర గుహ వాకిలి దాకా చేరాడు. ఆ సంగతి తెలిసి ముగ్గురు క్లాసు పిల్లలు ఆదివారం చూడటానికి వస్తామన్నారు. వాడికోసం మా గడప తొక్కే మొదటి మనుషులు వాళ్లే!

ఆ ఆదివారం పొద్దున వాళ్లకు ఉగ్గాని, బజ్జీ తేవడానికి చంద్ర బయలుదేరాడు. అంతలోనే నేను కంప్యూటరు ముందు చేరాను.

"బావా, ఊరికే అట్లా ఇట్లా నడిపించుకో. వేరే ఏమీ ముట్టొద్దు."

"నేనేమన్నా చిన్నపిల్లోడినా? పోయిరాప్పా!"

మీట నొక్కితే వీరుడు నడిచాడు. అబ్బ, ఆ గర్వం నా పెళ్లి ఊరేగింపులో కూడా లేదు! గుహ పక్కన మూటలతో గడ్డం ముసలాయన కనిపించాడు. పలకరిస్తే తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. కూడబలుక్కుని చదివాను: "ఈ రోజు నా దగ్గరికి వచ్చిన మొదటి గిరాకీవి నువ్వే."

బోణీ! కొట్టు పెట్టుకున్నవాణ్ణి, ఇంకో కొట్టువాడి బోణీ ఎలా చెడగొడతాను? వెంటనే ఒక తాడు కొన్నాను. మర్యాదకు వెళ్లొస్తానని మళ్లీ పలకరించాను. "మొదటి గిరాకీవి నువ్వే" అన్నాడు. తాడు మరీ చవకదై లెక్కకు రాలేదేమో! బిందె కొన్నాను. మళ్లీ అదే మాట. దీపం, గంట, రగ్గు, రోలు... వీరుడి సంచిలో బంగారం ఖాళీ. అప్పుడు ముసలాయన, వస్తువుకు వస్తువు మార్చుకుంటానన్నాడు. మా కొట్టులోనూ ఉన్న పద్ధతే కదా! పాత కత్తి ఇచ్చేసి కొత్త గంగాళం తీసుకున్నాను. ఇంత మంచి బేరం చెదిరిపోకూడదని, సేవ్ మీట నొక్కి, చంద్ర దాచుకున్న ఆట మీదే భద్రం కూడా చేశాను.

చంద్ర, వెనకాలే ముగ్గురు పిల్లలు వచ్చారు. చంద్ర మీట నొక్కి చూశాడు.

"బావా, వీడు కదలడం లేదే?"

"బరువు శానా అయినట్టుండాది. మంచి సామాన్లప్పా!"

"కత్తి యాడ బావా?"

"గంగాళం చూడు ఎంత దిట్టంగా ఉండాదో!"

ఇంతలో ఎదురుచూసి విసిగిపోయిన డ్రాగన్ తానే బయటికొచ్చింది. వీరుడు బిందెలూ గంగాళాల మధ్య, సంతలో తప్పిపోయిన పెళ్లికొడుకులా నిలబడ్డాడు. అది ఒక్కసారి నిప్పులు ఊదేసరికి బూడిదయ్యాడు.

చంద్ర కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పాపం, ఆయనకు బోణీ కాలేదంటే..." అని నసిగాను.

ముగ్గురిలో పొట్టివాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అన్నా, ఆ ముసిలోడు ఎప్పుడు పోయినా, ఎవురు పోయినా అదే మాట అంటాడు!"

నవ్వులు పైకప్పుకు తగిలాయి. అప్పుడు, నెలకో మాట మాట్లాడే మా చంద్ర కళ్లు తుడుచుకుని అందుకున్నాడు:

"మా బావ కొట్టుకు రాండప్పా ఒకసారి! దీపాలు పెట్టే యాళకు పోయినా 'మీదే బోణీ' అంటాంటాడు!"

తర్వాతి ఆదివారం నుంచి ఆ ముగ్గురూ మా ఇంట్లోనే. నలుగురూ కలిసి ఆట మొదటినుంచీ ఆడారు. నన్ను కుర్చీ దగ్గరికి రానివ్వలేదు.

నేనూ మా ఇంటి గంగాళం మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఏ లోకంలోనైనా సరే, ఏ వ్యాపారి బోణీ మాటా ఇక నమ్మను. నేను అనడం మానేస్తానని మాత్రం ఎవరికీ మాటివ్వలేదు.