ఒక్కటే నెమలి

నేను అబద్ధాలు చెప్పను. ఉన్న నెమలికి ఇంకో రెండు కలుపుతానంతే.

ఆ రోజుల్లో మాత్రం మా తార్నాక ఇంట్లో నా కోతలు వినే ఓపిక ఎవరికీ లేదు. పాపకి రెండున్నరేళ్లు నిండాయి, నోట ఒక్క మాట లేదు. కావలసింది వేలితో చూపించేది, ఇస్తే నవ్వేది. చెవులు పరీక్ష చేసిన డాక్టరు బాగానే వినిపిస్తోందన్నాడు. "వినిపిస్తే మరి మాట్లాడదేం?" అని మా ఆవిడ వంటింట్లోకి పోయి, కుక్కర్ విజిల్ చాటున ఏడ్చింది.

పై అంతస్తు ఆయన కారణం కనిపెట్టాడు. "మీ ఇంట్లో మూడు తెలుగులు! పిల్ల దేన్ని పట్టుకోవాలి?"

నిజమే. మా అమ్మది కడప. ఇప్పటికీ నన్ను "నాయనా, యాడికి పోతాండావు?" అంటుంది. మా ఆవిడది కాకినాడ. "రండి, పాలు తాగండి" అని పాపని కూడా మన్నించి పిలుస్తుంది. పాపని చూసుకోవడానికి లాలాపేట్ నుంచి వచ్చే ఆమెది "గట్ల కాదు బిడ్డా, గిట్ల."

ఇకమీదట ఇంట్లో పుస్తకాల తెలుగే మాట్లాడాలని మా ఆవిడ చట్టం చేసింది. మా అమ్మ "మనుమరాలా, భోజనము చేయుదువా?" అని రేడియోలో వార్తలు చదివినట్టు అడిగి, మిగతా పూటంతా మౌనం పట్టేది. లాలాపేట్ ఆమె "గిట్లయితే నాకే మాటలు పడిపోతయి సార్" అని గోల. మూడు వారాలు అందరం పాపలాగే వేళ్లతో చూపించుకుంటూ బతికాం.

పొద్దున్నే పాపని యూనివర్సిటీ క్యాంపస్‌లో తిప్పడం నా పని. చట్టం అక్కడిదాకా రాదు. రోజూ ఒకటే కథ చెప్పేవాణ్ణి: నా పరీక్ష రోజున ఓ నెమలి నా హాల్‌టికెట్ ముక్కున కరుచుకుని పరుగెత్తింది, నేరుగా హాల్లోకి పోయి నా సీట్లో కూర్చుంది, సారు దానికే పేపరిచ్చాడు. ఓ రోజు నాకే విసుగొచ్చి, మూడు నెమళ్లు అన్నాను.

పాప టక్కున ఆగింది. మొహం చిట్లించింది.

"గట్ల కాదండీ నాయనా. ఒక్కటే నెమలి."

పాపని ఎత్తుకుని ఇంటికి పరుగు.

మా ఆవిడ గరిటె పట్టుకునే నిలబడి విన్నది. "ఇందులో కూడా కోతలేనాండీ? నామీద కాస్తయినా జాలి లేదా?"

పాపని బతిమాలితే వేలితో అరటిపండు చూపించింది. ఇన్నేళ్లుగా కోసిన కోతలన్నీ ఆ క్షణాన నాకే అడ్డం పడ్డాయి. జీవితంలో మొదటిసారి నిజం చెబితే నమ్మేవాడు లేడు. ఇక నాకు తెలిసిన విద్య ఒక్కటే.

"నా పరీక్ష రోజున ఏమైందంటే," అని గట్టిగా మొదలుపెట్టాను, "పది నెమళ్లు వచ్చి..."

"ఒక్కటే!" పాప తింటున్న అరటిపండు కింద పెట్టి మరీ అరిచింది. "గట్ల కాదండీ నాయనా!"

గరిటె కింద పడింది.

"చూసిన్రా! ఫస్టు మాట నాదే!" అని లాలాపేట్ ఆమె చప్పట్లు కొట్టింది.

"మరి ఆ 'అండీ' ఎవరిదమ్మా?" అంటూ మా ఆవిడ ఏడుస్తూనే నవ్వింది.

'నాయనా' తనదేనని మా అమ్మ పోటీకి రాలేదు. గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"అబ్బా! ఇంగ నేను నా మాట మాట్లాడుకోవచ్చా?"

మొదలుపెట్టింది. మధ్యాహ్నం అన్నాలదాకా ఆపితే ఒట్టు.