మదర్ గారికి మిగిలిన మాటలు

తణుకు దగ్గర సిస్టర్లు నడిపే వృద్ధాశ్రమంలో నేను నర్సుని. అక్కడ అందరూ మదర్ గారని పిలిచే పెద్దావిడది ఇటలీ. చిన్న వయసులోనే ఇక్కడికొచ్చి, పిల్లలకి చదువులు చెప్పి, మాకంటే చక్కగా తెలుగు మాట్లాడేవారు. పోయినేడు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. దాంతోపాటు తెలుగూ పోయింది, ఇంగ్లీషూ పోయింది. ఇటాలియన్ ఒక్కటే మిగిలింది.

ఏదో అడిగేవారు. మంచినీళ్లిస్తే తల తిప్పేసేవారు, దుప్పటి కప్పితే తోసేసేవారు. చివరికి కళ్లనిండా నీళ్లతో గోడవైపు తిరిగిపోయేవారు. చూడలేక ఫోన్‌లో ఇటాలియన్ నేర్పే యాప్ వేసుకున్నాను. డ్యూటీకి వచ్చేటప్పుడు బస్సులో గొణుక్కునేదాన్ని. "ఆయ్ ఫామె?" అంటే ఆకలేస్తోందా. "ఆయ్ సేతె?" దాహమేస్తోందా. ఆయ్ అంటే మన గోదారోళ్లకి జవాబు, వాళ్లకి ప్రశ్న! పక్క సీటావిడ "ఏం మంత్రమండీ అది?" అని అడిగింది కూడా.

మొదటిరోజు "కోమె స్తాయి?", ఎలా ఉన్నారు, అనగానే మదర్ గారు నా చెయ్యి పట్టుకుని గడగడా మాట్లాడేశారు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. రోమ్‌లో చదువుకొచ్చి, ఇప్పుడు వేరే ఊళ్లో ఉంటున్న మా సిస్టర్ గారొకరికి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ నవ్వి, "అది 'నువ్వు' అనడమమ్మా. పెద్దవాళ్లని 'కోమె స్తా' అనాలి" అన్నారు. నాలిక్కరుచుకున్నాను.

మర్నాడు జాగ్రత్తగా "కోమె స్తా?" అన్నాను. మదర్ గారు మొహం చిట్లించి "తూ! తూ!" అన్నారు. ఉమ్మి వస్తోందేమోనని గబగబా బేసిన్ తెచ్చి గడ్డం కింద పెట్టాను. ఆవిడకి నవ్వాగలేదు. జబ్బుపడ్డాక నవ్వడం అదే మొదలు, ఒకవైపు మూతితోనే. బేసిన్ నెట్టేసి, ఎడంచేత్తో నా గుండెనొకసారి, తన గుండెనొకసారి తట్టి, మళ్లీ "తూ" అన్నారు. 'నువ్వు' అనమని!

ఆవిడని నువ్వు అనేవాళ్లు ఇక్కడ ఒక్కరూ లేరని అప్పుడు తట్టింది. అయినా వారంపాటు నాకు నోరు రాలేదు. తర్వాత్తర్వాత అలవాటైంది.

మొన్న మధ్యాహ్నం జావ తాగిస్తుంటే, నాలుగు చెంచాలయ్యాక నోరు బిగించి "ఆయ్ మాంజాతో?" అన్నారు. ఆ మాట నాకు రాదు. ఫోన్‌లో కొత్తగా వేసుకున్న అనువాదం యాప్ తెరిచి, దగ్గర పెట్టి మళ్లీ అనమన్నాను. 'తిన్నావా?' అని వచ్చింది.

పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. అయినా "సీ", అవును, అన్నాను. నమ్మలేదు. నా టిఫిన్ బాక్సు వైపు చూపించి, నేను మూత తీసేదాకా జావ ముట్టలేదు. ఆ మంచం అంచునే కూర్చుని పప్పన్నం తిన్నాను.