సన్యాసయ్యకు మొక్కిన పుంజు

కొబ్బరికాయలు ఒలిచే గంగయ్యకి ఆ ఎర్ర పుంజంటే ప్రాణం. అయినా కూతురు సాయిదుర్గ కాన్పు కష్టమై కళ్లు తేలేసినప్పుడు, ఆసుపత్రి వరండాలో నిలబడి దాన్నే సన్యాసయ్యకి మొక్కేశాడు. తల్లీబిడ్డా దక్కారు. ఇక మొక్కు తీర్చడమే మిగిలింది.

సన్యాసయ్యంటే ఊరి చివర కొబ్బరితోటలో బాసింపట్టు వేసుకుని కూర్చున్న నల్లరాతి విగ్రహం. ఒంటి మీద నూలుపోగు లేదు, చేతిలో ఆయుధం లేదు. ఎవరు చెక్కారో ఊళ్లో ఎవరికీ తెలీదు. బిడ్డకి జ్వరమొచ్చినా, గేదె పాలివ్వకపోయినా ఆయనకే మొక్కుతారు. కోడిని కోస్తారు.

ఆదివారం పొద్దున్నే గంగయ్య పుంజు కాళ్లు కట్టి చంకన పెట్టుకుని, భార్య బేబీతో తోటలోకి వెళ్లాడు. అప్పటికే విగ్రహం ముందు ఒక పెద్దాయన చెప్పులు విడిచి కూర్చుని ఉన్నాడు. రాజమండ్రిలో బట్టలకొట్టు నడిపే జైనుడు, జయంతిలాల్. ఎవరో ఫోన్లో ఫొటో చూపిస్తే వచ్చాడు. పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి తెలుగు మనలాగే మాట్లాడతాడు.

గంగయ్య మొలలో కత్తి చూసి ఆయన లేచాడు.

"ఒక్క మాటండీ. ఈయన మా తీర్థంకరుడు. చీమక్కూడా కీడు తలపెట్టని స్వామి. ఈయన ముందు ప్రాణం తియ్యకండి, మీకు దణ్ణం పెడతాను."

చెట్టెక్కి కాయలు దింపుతున్న మేనల్లుడు వీరబాబు పైనుంచే అందుకున్నాడు. "ఇయ్యాల కోడొద్దంటారు, రేపు దేవుణ్ణే లారీ ఎక్కించుకుపోతారు. చూసుకో మావా."

"నాకా హక్కు లేదు బాబూ. పాత విగ్రహాల్ని కదిపితే చట్టం ఊరుకోదు. ఊరుకున్నా నేను తీసుకెళ్లను. ఒకప్పుడు ఈ గోదారి గట్టున మావాళ్లు ఉండేవారంట. వాళ్లు పోయాక ఈయనకి దీపం పెట్టింది మీరేగా."

గంగయ్యకి ఎటూ తోచలేదు. బేబీ మాత్రం ఊరుకోలేదు.

"మొక్కు తప్పితే పిల్ల మీదకొస్తుందండి. మీ పిల్లయితే ఇలాగే అంటారా?"

ఆయన విగ్రహం వైపు తిరిగి చేతులు జోడించాడు.

"మరి మీరేం పెడతారండి ఈయనకి?" అని గంగయ్య అడిగాడు.

"బియ్యం, కొబ్బరికాయ."

"కొడతారా?"

"కొట్టమండి. నిండుకాయే పెడతాం."

గంగయ్య విగ్రహం వంక చూశాడు. శివుడి పేర కోడెదూడని వదిలేస్తే దాన్నెవరూ కట్టరు, కొట్టరు. ఈయనకీ అలాగే ఇస్తే కాదంటాడా? కూర్చుని, కత్తితో పుంజు కాళ్ల తాడు తెంపాడు.

"నీ పుంజు నీకే, సన్యాసయ్యా. పిల్లని చల్లగా చూడు."

దారంతా బేబీ మొగుడితో మాట్లాడలేదు. పొద్దువాలేసరికి పుంజు తిరిగొచ్చి పెరటి గోడెక్కింది. దేవుడు వద్దని పంపేశాడనుకుంది బేబీ. పరుగున వెళ్లి కూతురి నుదురు తడిమింది. చల్లగానే ఉంది. మర్నాడూ చల్లగానే ఉంది. పసిబిడ్డ పాలు తాగి, కాళ్లాడిస్తూ పడుకుంది.

వారం తిరిగాక వీరబాబు వచ్చాడు. "పుంజెలాగూ తిరిగొచ్చేసిందిగా అత్తా, కూరకిచ్చెయ్."

బేబీ దానికి నూకలు చల్లుతూ తలెత్తకుండానే చెప్పింది. "అది మాది కాదురా. సన్యాసయ్యది. ఆయన్నడిగి కోసుకో."