కట్టు దాటిన సైకిల్

మా నరసన్నపేటలో స్టీలు సామాన్ల ధర్మారావు నలభై అయిదో ఏట సైకిల్ ఎక్కాడు. డాక్టరు షుగరుందని చెబితే నలుగురూ నడక మొదలుపెడతారు. ఈయనకు ఏదీ కొంచెంగా చేయడం రాదు. విశాఖపట్నం వెళ్లి గేర్ల సైకిల్ కొన్నాడు, హెల్మెట్ కొన్నాడు, ఒంటికి అతుక్కుపోయే పచ్చ బనీను కొన్నాడు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న వాళ్లమ్మ లక్ష్మీకామేశ్వరి ఆ బనీనును కిందనుంచి పైదాకా చూసి, "ఒరే, దీని మీద ఏదైనా తొడుక్కుంటావా, ఇలాగే వెళ్తావా?" అని అడిగింది.

బజారంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్విన నాపచేనే పండిందన్నట్టు, ఏడాది తిరిగేసరికి బజారులో సగం మంది ఆయన వెనక సైకిళ్లు తొక్కుతున్నారు. ఆదివారం వస్తే చాలు, వంశధార గట్లు, పాతపట్నం వైపు కొండదారులు, ఏ రాజులనాటివో రాతి గుళ్లున్న పల్లెలు. ఏ ఊరు వెళ్లినా ధర్మారావు గుడి గోడ మీద చెయ్యి వేసి ఫొటో తీయించుకునేవాడు. ఆ పిచ్చి ఒక్కటీ పక్కన పెడితే బంగారంలాంటి మనిషి. అమ్మిన గిన్నె సొట్టపడితే మారుమాట లేకుండా మార్చి ఇస్తాడు. మాట ఇస్తే రాతి మీద గీత అని బజారులో పేరు. అందుకే ఆయన చేసిన పని నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. చెప్పినవాడు ఆయనే కాబట్టి నమ్మాను.

కిందటి వేసవిలో మూడు రోజుల యాత్ర పెట్టారు. కొండ ఊళ్లన్నీ తిరిగి చివరి రోజు పొద్దున్నే కళింగపట్నం సముద్రం ఒడ్డుకు చేరాలి. అక్కడికి విలేకరులు వస్తారు. రెండో రోజు మధ్యాహ్నం, మిగతావాళ్లు తారు రోడ్డు పట్టుకుంటే, ధర్మారావు ఒక్కడే కొండమీది పాత శివాలయం చూసొస్తానని పక్కదారి పట్టాడు. గుడి చూశాడు. ఫొటో తీసుకున్నాడు. వెనక్కి తిరగడం బద్ధకమై, సైకిల్ భుజాన వేసుకుని అవతలివైపు కాలిబాటన దిగాడు. దిగినచోట సింగిలోవ అనే ఊరుంది.

వీధులన్నీ కడిగి ముగ్గులు వేసి ఉన్నాయి. ప్రతి గుమ్మానికీ వేపమండలు. ఊరి చివర రోడ్డుకు అడ్డంగా వేపాకు తోరణం కట్టి, దాని దగ్గర నలుగురు మగవాళ్లు కూర్చున్నారు. పచ్చ బనీను వాణ్ణి చూసి లేచి నిలబడ్డారు.

"ఎటేపునుంచి వచ్చినావు బావూ?" అని ఊరిపెద్ద అడిగాడు.

"కొండమీంచి."

"అదే దెబ్బ. అటేపు ఎవులొస్తారులే అని తోరణం కట్టనేదు." పెద్దాయన తల గోక్కున్నాడు. "అమ్మోరి పండగ బావూ. ఊరికి కట్టు ఏసినాం. రేపు మజ్జానం ఘటం గుడికి సేరేదాకా లోపలోడు బయటికి ఎల్లకూడదు, బయటోడు లోపలికి రాకూడదు. నువ్వు వచ్చీసినావు, ఇంక ఈ పూటకి మా ఊరోడివే. కట్టు ఇప్పినాక ఎల్దువు గాని."

ధర్మారావు పరాయి దేశంవాడు కాదు. కట్టు అంటే ఏమిటో ఆయనకు తెలుసు. ఘటం గుడి చేరకముందే ఎవరైనా దాటితే ఆ ఏడు ఊరికి ఏ కష్టం వచ్చినా ఆ దాటినవాడి వల్లే వచ్చిందంటారు. అందుకే పేచీ పెట్టకుండా ఉండిపోతానని మాట ఇచ్చాడు. మాటకు పూచీ ఎవరని పెద్దాయన అడిగితే, గుంపులోంచి దేముడమ్మ అనే ఆవిడ ముందుకు వచ్చింది.

"మా ఇంట్లో ఉంటాడు. నాది పూచీ," అంది.

దేముడమ్మ జీడితోటల్లో కూలికి వెళ్లే మనిషి. ఆ ఊళ్లో అమ్మవారి ఘటం కుండను తలకెత్తుకునేది ఆవిడ ఇంటివాళ్లే. అత్తగారు పోయాక అది ఈవిడ తల మీదికి వచ్చింది. ఎత్తే ఇంట్లో మైల ఉండకూడదు, మాట తప్పడం ఉండకూడదు. తాను ఉపవాసం ఉండి కూడా ఆవిడ ధర్మారావుకు అడ్డాకుల విస్తరిలో వేడన్నం, పెసరపప్పు, ఆనపకాయ కూర వడ్డించింది. "పండగని నీసు వండనేదు బావూ, సుబ్బరంగా తిను," అంది. ఆయన రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు.

సాయంత్రం స్నేహితుల ఫోను వచ్చింది. విలేకరులు పొద్దున్నే వస్తున్నారు, నువ్వు రాకపోతే ధనరాజ్‌ను ముందు నిలబెడతాం అన్నారు. ధనరాజ్‌ది ఎదురు కొట్టు, ప్లాస్టిక్ సామాన్లు. ఈ సైకిళ్ల గుంపును పుట్టించింది ధర్మారావు, పేపర్లో ముందు నిలబడేది ప్లాస్టిక్ బకెట్లవాడా? ఆ కడుపుమంట ఆయనను నిద్రపోనివ్వలేదు. తెల్లవారుజామున దేముడమ్మ ఘటం కోసం తలస్నానానికి గెడ్డ వాగుకు వెళ్లగానే, సైకిల్ భుజాన వేసుకుని వచ్చిన దారినే కొండెక్కాడు. కుక్క కూడా మొరగలేదు. మొరిగి ఉంటే ఆగేవాణ్ణేమో అని నాతో అన్నాడు. ఆగేవాడు కాదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. వెనక సముద్రం, మధ్యలో పచ్చ బనీనులో ధర్మారావు. మర్నాడు పేపర్లో చూసినవాళ్లంతా కొట్టుకు వచ్చి చెయ్యి కలిపారు. ఆయనకు మాత్రం ఆరోజు అన్నం ముద్ద దిగలేదు. కంచంలో అన్నం చూస్తే అడ్డాకు విస్తరి కనబడేది. ఆ ఊళ్లో దేముడమ్మను ఏమంటున్నారో, ఘటం ఎత్తనిచ్చారో లేదో. సిగ్గుతో ఆయన సగమైపోయాడు. కొన్నాళ్లకు ఇక ఉండబట్టలేక, ఒక ఇత్తడి బిందె సైకిల్‌కు కట్టుకుని సింగిలోవ బయలుదేరాడు. ఊరందరి ముందూ తప్పు ఒప్పుకోవాలి, ఆమె మీద మాట పడకుండా చూడాలి. దారి పొడుగునా ఆ మాటలే వల్లించుకున్నాడు.

టీ కొట్టు దగ్గర ఊరిపెద్ద ఆయనను చూసి ఎదురొచ్చాడు. ధర్మారావు నోరు తెరిచేలోపే భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ అమ్మకి ఎలాగున్నాది బావూ?"

ధర్మారావుకు అర్థం కాలేదు.

"తెల్లారేసరికి నువ్వు లేవు. ఊరంతా గోలెత్తీసినాం. దేముడమ్మ ఘటం ఎత్తకూడదని కూడా అన్నారు. అప్పుడు సెప్పింది, మీ అమ్మకి పానం మీదకొచ్చిందని ఫోనొచ్చిందంట, తనే పసుపు బొట్టెట్టి పంపీసిందంట. తల్లి కోసం ఎల్లినోడిని అమ్మోరు తప్పెట్టదు. మా ఆడోళ్లు మీ అమ్మ పేరున ముర్రాటలు కూడా పోసినారు."

అమ్మవారికి పసుపునీళ్ల కుండలు పోయడమే ముర్రాట. ఎన్నడూ చూడని మనిషి కోసం పోశారు. ధర్మారావు బిందె కట్టిన తాడు సవరించుకున్నాడు. వల్లించుకున్న మాటలు చెబితే తన బరువు తీరుతుంది. దేముడమ్మ అమ్మవారి పేరున అబద్ధమాడిందని మాత్రం ఊరంతటికీ తెలిసిపోతుంది. "తగ్గింది," అన్నాడు. అది రెండో తప్పని ఆయనకు తెలుస్తూనే ఉంది.

దేముడమ్మ వాకిట్లో జీడిపిక్కలు ఎండబోస్తోంది. ఆయన బిందె దించి, దండం పెట్టబోయాడు.

"ఏటీ సెప్పకు," అంది ఆవిడ, తల ఎత్తకుండానే. "పేపర్లో సూసినాను. సముద్దరం ఒడ్డున నవ్వుతన్నావు. ఇంకెవులూ సూడకముందే ఆ పేపరు పొయ్యిలో ఎట్టీసినాను."

"అమ్మా, తప్పయిపోయింది."

"నీ తప్పు నీది. అమ్మోరి దగ్గర అబద్దమాడింది నాను. ఏటేటా ఘటం ఎత్తినప్పుడు అది నా నెత్తి మీదే ఉంటాది." ఆ మాట అని మళ్లీ పిక్కలు పరచసాగింది. తిట్టి ఉంటే బాగుండేదని ధర్మారావు ఇప్పటికీ అంటాడు.

ఇంతలో వీధిలో ఆడవాళ్లు వచ్చేశారు. ముర్రాట పోసినవాళ్లు. అందులో ఒక ముసలావిడ, "ఒక్కపాలి మీ అమ్మకి ఫోను కలుపు బావూ, గొంతు ఇంటాం," అని పట్టుబట్టింది. సిగ్నల్ లేదనబోయాడు. మూడో అబద్ధానికి నోరు రాలేదు. కలిపాడు.

కొట్లో బేరం మధ్యలో ఎత్తింది లక్ష్మీకామేశ్వరి. ముసలావిడ ఫోను లాక్కుంది. "అమ్మా, నీ పానం కుదుటపడిందా? నీ కొడుకు కట్టు దాటి పరుగెట్టుకొచ్చినాడు కదా. నీ పేరున అమ్మోరికి ముర్రాట పోసినాం తల్లీ."

అటువైపు గల్లాపెట్టె మూసిన చప్పుడైంది. దేముడమ్మ చేతిలో జీడిపిక్కలు అలాగే ఉండిపోయాయి.

"తగ్గిందమ్మా," అంది లక్ష్మీకామేశ్వరి చివరికి. "మీ చలవే. ఏ ఊరు తల్లీ మీది? మీకు నా దండం." ముసలావిడ కళ్లు తుడుచుకుంటూ ఫోను ధర్మారావు చేతికిచ్చింది. ఆయన చెవి దగ్గర పెట్టుకున్నాడు. వాళ్లమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"ఎవరి ఇంట్లో తిని, నన్ను చంపి బయటపడ్డావురా?"

చుట్టూ ఆడవాళ్లందరూ సంతోషంగా నవ్వుతున్నారు. ఆయన ఒక్కడే నేల చూస్తూ నిలబడ్డాడు.

ధర్మారావు ఇప్పుడూ సైకిల్ తొక్కుతున్నాడు గానీ ఫొటోలు మానేశాడు. బజారు అన్నాక కొట్టుకొచ్చిన ప్రతివాడూ గుమ్మంలోనే "అమ్మగారు బాగున్నారా?" అని అడుగుతాడు. ఊరికే అలవాటుకు అడిగే మాట అది. ఆ మాట వినగానే ధర్మారావు చేతిలో ఏ గిన్నె ఉంటే దాన్ని తుడుస్తూ కూర్చుంటాడు. పక్కన గల్లాపెట్టె దగ్గరనుంచి ఆవిడే జవాబు చెబుతుంది.

"బాగానే ఉన్నాను నాయనా. అంతా మావాడి చలవ."