పరదా అవతలి గదులు

మొదటిసారి ఇల్లు కొనేవాళ్లు అప్పుడప్పుడు నా సలహా కోసం వస్తారు. నేను జీవితంలో కొన్నది ఒక్క ఇల్లే. అయినా బడిలో నా దగ్గర చదువుకున్న చనువుతో వచ్చి కూర్చుంటారు. చెప్పగలిగినవి చెబుతాను. అమ్మేవాడికి ఆ ఇల్లు ఎట్లా వచ్చిందో అడగండి. రిజిస్ట్రారు కచేరీలో వెతికించి దాని మీద తాకట్టు ఉందో లేదో తెలుసుకోండి. ఉంటే ఆ పైకం అమ్మేవాడి చేతికి ఇవ్వకుండా, తాకట్టు పట్టినవాడికి మీరే కట్టి చెల్లు రాయించుకోండి. పక్కింటి దూలాలు మీ గోడ మీద ఆని ఉన్నాయేమో చూడండి. ఇవన్నీ నేను చేశాను. చివరగా, ఇల్లు చూడటానికి మీ ఇంటి ఆడవాళ్లను కూడా పంపండి అంటాను. అది మాత్రం నేను చేయలేదు. ఎందుకు పంపాలని అడిగితే అంతకు మించి చెప్పను.

మాది కొమరోలు వైపు ఒక పల్లె. ఊళ్లో పెద్ద మిద్దె మాదే. మా నాయన ఒక బంధువుకు హామీ ఉండి సంతకం పెట్టాడు. ఆ సంతకంతో మిద్దె పోయింది, నీటి కింది పొలం పోయింది. ఆయన ఎవరి దగ్గరా గడువు అడగలేదు. ఇల్లు ఖాళీ చేసిన రోజు తలపాగా చుట్టుకుని, పెళ్లికి పోతున్నవాడిలా బండెక్కాడు. రెండేళ్లు తిరగకుండానే పోయాడు. నాకు మార్కాపురం బోర్డు స్కూల్లో ఉద్యోగం దొరికితే అమ్మనూ నా భార్యనూ తీసుకుని వచ్చి, నూనె దుకాణం పెట్టుకున్న ఒక పెద్దాయన ఇంట్లో రెండు గదులు బాడుగకు తీసుకున్నాను. మద్రాసు నుంచి కాగితం వస్తే గాని మా జీతాలు పెరగని రోజులవి.

అమ్మ బాడుగ ఇంట్లో కూడా పెద్ద మిద్దెలో ఉన్నట్టే ఉండేది. ఇంటావిడ ఉప్పు బదులు అడిగితే దోసిట పోసేది. తాను ఎన్నడూ అడిగేది కాదు. అట్లాంటి మనిషికి జబ్బు చేసింది. కాళ్లకు నీరు దిగింది. పడుకుంటే ఊపిరి ఆడక గోడకు ఆనుకుని కూర్చునేది. డాక్టరు మందు ఇచ్చి, గడప దాటిన తరువాత నాతో మెల్లగా, నెలల మాట అన్నాడు.

అప్పటి నుంచి ఇంటి యజమాని రోజూ పొద్దున్నే పలకరించేవాడు.

"అమ్మకు ఎట్ల ఉంది అయ్యవారూ?"

"అట్లే ఉంది మామా."

"ఊఁ" అని దుకాణానికి పోయేవాడు. ఆ ప్రశ్నలో ఏముందో మా ఇద్దరికీ తెలుసు. చెడ్డ నక్షత్రంలో ప్రాణం పోతే ఆ ఇల్లు ఆరు నెలలు మూసిపెట్టాలి. అందుకని బాడుగ ఇళ్లలో ఉన్నవాళ్లను ఆఖరి గడియలో బయటికి మోసుకొచ్చి వీధిలో పడుకోబెట్టేవాళ్లు. అది క్రూరత్వమని ఎవరూ అనుకునేవాళ్లు కాదు. అది ఆనవాయితీ.

ఒకరోజు ఆయన విడమరిచే చెప్పాడు. "నేను చెడ్డోణ్ని కాను అయ్యవారూ. మా పాప పెండ్లి ఈ ఇంట్లోనే చెయ్యాల. నువ్వే ఆలోచన చెయ్."

అమ్మ లోపల గోడకు ఆనుకుని అంతా విన్నది. సాయంత్రం నన్ను పిలిచింది.

"వీధిలో నేను పోను నాయనా. చాప మీద పండబెట్టి ఊరోళ్లు వచ్చి చూస్తుంటే, ఇది ఫలానా ఇంటి కోడలని చెప్పుకుంటుంటే, నేను ఓర్చుకోలేను. చిన్నదో చితకదో, మనది అనేది ఒక గడప చూడు. నా గడప దాటే నేను పోవాల."

పుల్లలచెరువు వైపు ఒక మెట్ట చేను మాత్రం మాకు మిగిలి ఉంది. వానలు లేక కంది కూడా సరిగా పండని చేను. అది అమ్మేశాను. ఇల్లు వెతకడానికి మా నాయనకు తెలిసిన ఒక దస్తావేజుల లేఖరి దగ్గరికి పోయాను. కచేరీ ముందు రేకు పందిరి కింద చిన్న బల్ల వేసుకుని కూర్చునేవాడు. మా పొలాలు పోయిన దస్తావేజులన్నీ ఆయన చేతిరాతలోనే ఉండేవి.

"మీ ఇంటోళ్లకు ఇంతవరకు అమ్మే కాయితాలే రాసినా" అన్నాడు నవ్వుతూ. "కొనే కాయితం ఇదే మొదలు. మంచి కలం తీయాల."

"తీయండి చిన్నాయనా" అన్నాను. నాకు నవ్వు రాలేదు.

ఆయనే ఒక ఇల్లు చూపించాడు. పలకలు కోసే కార్ఖానాల వెనక సందులో మట్టి మిద్దె. యజమాని దోర్నాలలో హోటలు పెట్టుకుని ఊరు వదిలిపోయాడు. ఇల్లు భోగ్యంలో ఉంది. అంటే ఒక దర్జీ సాయిబు యజమానికి అప్పు ఇచ్చి, వడ్డీకి బదులు ఆ ఇంట్లో కాపురం ఉంటున్నాడు. అసలు చెల్లిస్తే ఇల్లు వదలాలి.

"భోగ్యం పైకం నీ దగ్గరే పట్టిపెట్టుకో" అన్నాడు లేఖరి. "అమ్మేటోడికి మిగతాదే ఇయ్. సాయిబుకు నువ్వే కట్టు. ఇంగ ఇల్లు లోపల బాగా చూసుకో. దూలాలకు చెద ఉందేమో, నీళ్లు దిగిన మరకలున్నాయేమో."

"ఆడవాళ్లు ఉన్న ఇంట్లోకి నేనెట్ల పోతాను?"

"ఇల్లు కొనేటోడివి."

"కొనేవాణ్నే. ఇంకా కొనలేదు."

ఆయన కలం చెవి మీద పెట్టుకుని నా వైపు చూశాడు. "అచ్చం మీ నాయనే" అన్నాడు. మెచ్చుకున్నాడో వెక్కిరించాడో తెలియలేదు.

సాయిబు మర్యాదస్తుడు. ముందు గదిలో మిషను పెట్టుకుని కుట్టేవాడు. నన్ను చూడగానే లేచి, బెంచీ మీద గుడ్డలు తీసి కూర్చోబెట్టాడు. ఆ గది వెనక వాకిలికి మందపాటి పరదా. దాని అవతల ఎన్ని గదులో, ఎవరున్నారో నాకు తెలియదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. పరాయి మగవాళ్ల దగ్గర ఇంటి ఆడవాళ్ల ప్రస్తావన తెచ్చేవాళ్లం కాము మేము, మా వాళ్లయినా, వాళ్లయినా. నా భార్య వచ్చి చూస్తానంది. కాని అమ్మను ఒంటరిగా వదలడానికి లేదు. నేను మిద్దె మీదికి ఎక్కి, వాననీళ్లు దిగకుండా చవుడు మట్టి సరిగా పరిచి ఉందో లేదో చూశాను. గోడలు బయటి నుంచి తట్టి చూశాను. అంతే.

"ఎప్పుడు వదులుతావు సాయిబూ?"

"వేరే ఇల్లు మాట్లాడుకున్నా అయ్యవారూ. నెల తిరిగేలోపల ఖాళీ చేస్తా. మీరు ఫికరు పడొద్దు."

రిజిస్ట్రారు ముందు సంతకాలు అయినాయి. సాయిబుకు పైకం కట్టాను, ఆయన తాకట్టు దస్తావేజు వెనక చెల్లు రాసి నా చేతికిచ్చాడు. ఇంటికి వచ్చి ఆ కాగితాలు అమ్మ ఒడిలో పెట్టాను. ఆమెకు చదువు రాదు. ముద్రల మీద వేలితో తడిమింది. "గడప ఏ దిక్కు?" అని అడిగింది. తూర్పు అన్నాను. ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.

ఆ తరువాతి వారంలోనే సాయిబు మా ఇంటి ముందుకు వచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. తలవంచుకుని మాట్లాడాడు.

"మీరు ఇల్లు చూసినప్పటికే మా బిడ్డ కంభం నుంచి పురిటికి వచ్చి ఉంది అయ్యవారూ. ఇంకా టైముంది అనుకున్నాం. కొత్తింట్లోనే పురుడు అనుకున్నాం. నెలలు నిండకుండానే నొప్పులొచ్చినాయి. రాత్రి కాన్పయింది. మగబిడ్డ. గుప్పెడంత ఉన్నాడు. చిల్లా అయ్యేదాకా, నలభై రోజులు, తల్లిని గడప దాటించకూడదు. డాక్టరమ్మ కూడా కదిలించొద్దు అన్నది."

ఆయనే మళ్లీ అన్నాడు. "మీ అమ్మగారి సంగతి నాకు తెలుసు. ముందు గది ఖాళీ చేసి ఇస్తా. మిషను బయట వేసుకుంటా. అమ్మగారిని తీసుకురాండి. ఇల్లు మీది."

అమ్మ లోపలి నుంచి విన్నది. ఆయన పోయినాక అడిగింది.

"బిడ్డ బతుకుతాడంటనా?"

"ఏమో అమ్మా. బలహీనంగా ఉన్నాడంట."

"అయితే పురిటింట్లోకి చావును తీసుకుపోతావా? నీకు బుద్ధుందా?"

"అమ్మా, ముందు గది వేరు."

"ఒకటే దూలం, ఒకటే కప్పు. వద్దు. బాలింతను లేపడమూ వద్దు. మనం లేచినాం గాని, ఎవురినీ లేపలేదు." కాసేపు ఊపిరి తీసుకుంది. "నలభై రోజులే కదా. ఉంటాలే."

నా భార్య వంటగదిలోకి పోయి గిన్నెలు చప్పుడు చేసింది. నేను బజారుకు పోయి వేరే ఇల్లు దొరుకుతుందేమోనని అడిగాను. జబ్బు మనిషి ఉందని తెలిసినవాడెవడూ బాడుగకు ఇవ్వడు. కొనడానికి నా దగ్గర చేను లేదు. ఇల్లు ఉన్నవాణ్ని, దస్తావేజు పెట్టెలో ఉంది. అయినా అమ్మ మంచం వేయడానికి ఊళ్లో జానెడు చోటు లేదు. లేఖరి దగ్గరికి పోతే "చట్టం ప్రకారం ఖాళీ చేయించవచ్చు" అన్నాడు. మళ్లీ తనే "చేయించలేవులే" అన్నాడు.

అమ్మ ఉండాలని పంతం పట్టింది. పాలు తాగేది. అంతకు ముందు వద్దన్న మందు అడిగి తీసుకునేది. రోజూ నన్ను సందులోకి పంపేది. "బిడ్డ ఎట్లున్నాడో కనుక్కొని రా." నేను పోయి మిషను దగ్గర నిలబడి అడిగేవాణ్ని. పాలు పట్టుకుంటున్నాడు, ఏడుపు గట్టిపడింది అని సాయిబు చెప్పేవాడు. ఆ మాట తెచ్చి చెబితే ఆమె తల ఊపేది. ఇంటి యజమాని పొద్దున్నే అమ్మను గురించి అడిగేవాడు. అమ్మ సాయంత్రం ఆ బిడ్డను గురించి అడిగేది. మధ్యలో నేను బడికి పోయి లెక్కలు చెప్పేవాణ్ని.

గడువు సగం దాటినాక ఒకనాడు నేను మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి, ఎప్పుడూ ఇంటి ముందు ఉండే నూనె బండి అక్కడ లేదు. దాన్ని సందు చివరికి తోయించారు. బండి ఉండే చోటు శుభ్రంగా ఊడ్చి నీళ్లు చల్లి ఉంది. ఇంటి యజమాని దుకాణం గడపలో నిలబడి ఉన్నాడు. ఆయన అనాల్సిన అవసరం లేకుండా ఆ చోటు అంతా చెప్పింది.

లోపల అమ్మ కళ్లు మూసుకుని ఉంది. ఊపిరి పైపైకి వస్తోంది. నా భార్య ఆమె చేయి పట్టుకుని నా వైపు చూసింది.

ఆ ఊడ్చిన చోట మాత్రం దింపనని అనుకున్నాను. "మంచం పట్టండి" అన్నాను. ఇంటి యజమాని తనే ఒక కోడు పట్టాడు. ఆయన కొడుకు ఒకటి, పక్కింటివాడు ఒకటి, నేను తలవైపు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. నేను ఎక్కడికి పోతున్నానో నాకు తెలుసు. అక్కడికి పోయి ఏం చేయాలో తెలియదు. అమ్మ వద్దన్నది. నేను పోతున్నది అక్కడికే. సందు చివరి దాకా పోతే ఏదైనా తోస్తుందనుకున్నాను.

కార్ఖానాల దగ్గరికి వచ్చేసరికి పలకలు కోసేవాళ్లు పని ఆపి లేచి నిలబడ్డారు. రంపాల చప్పుడు ఆగిపోయింది. మంచం పక్కన నడుస్తున్న నా భార్య కూడా ఆగిపోయింది. అమ్మ చేయి ఆమె చేతిలోంచి జారింది.

అది వీధి. రెండు వైపులా మనుషులు. "ఎవరింటోళ్లు?" అని ఒకతను అడగడం, ఇంకొకతను మా ఇంటి పేరు చెప్పడం నాకు వినిపించింది.

అక్కడ దింపలేక ముందుకే నడిచాం. సాయిబు ఎట్లా తెలుసుకున్నాడో తలుపు రెండు రెక్కలూ తెరిచి నిలబడి ఉన్నాడు. పరదా కూడా పక్కకు కట్టేశారు. మిషను బయట ఉంది.

"లోపలికి తీసుకురాండి అయ్యవారూ."

"వద్దు సాయిబూ. అయిపోయింది."

"అయినా తీసుకురాండి. మీ ఇల్లు."

తెరిచిన తలుపుల మధ్య తూర్పు గడప కనబడుతూ ఉంది. పసుపు లేని, ముగ్గు లేని గడప. నేను దాటించలేదు. బయట గోడ వారగా మంచం దింపాం. ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది. సాయిబు లోపలికి పోయి ఒక తాను తెల్లగుడ్డ తెచ్చి, చూరుకూ రెండు కర్రలకూ కట్టి నీడ పట్టాడు. లోపల బిడ్డ ఏడుపు మొదలుపెట్టాడు. వెంటనే ఎవరో ఊరుకోబెట్టారు. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ ఊరుకోబెట్టారు. మా దుఃఖానికి మర్యాదగా అట్లా చేస్తున్నారు. ఏడవనీయండి అని చెప్పాలనిపించింది. ఆ ఇంటి ఆడవాళ్లతో నేనెన్నడూ మాట్లాడి ఎరగను. చెప్పలేదు.

చిల్లా అయిన మరునాడే వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. నేల అలికి, సున్నం వేసి, తాళం చెవి నా చేతికిచ్చారు. పరదా తీసేసిన వాకిలి దాటి ఆ గదుల్లోకి అప్పుడు మొదటిసారి పోయాను. వెనక గదిలో కిటికీ కింద, ఒక మంచం సరిగ్గా పట్టేంత చోటు ఉంది. బాలింత పడుకున్నది అక్కడేనని గోడకు కొత్త సున్నంలోంచి కూడా తేలుతున్న తలనూనె మరకను బట్టి తెలిసింది. నా భార్య ఆ మరక మీద మళ్లీ సున్నం వేయనీయలేదు.

అమ్మ పోయి ఏడాది తిరిగినాక పాలు పొంగించి ఇంట్లోకి వచ్చాం. ఇప్పటికీ ఇదే మా ఇల్లు. ఆ తరువాత వెనక రెండు గదులు వేయించి, కచేరీలో పని చేసే ఒక కుర్రవాడికి బాడుగకు ఇచ్చాను. పోయిన నెల నుంచి వాళ్ల నాయన మంచం పట్టాడు. రాత్రిళ్లు దగ్గు వినబడుతుంది. పొద్దున నేను బయటికి పోయేటప్పుడు ఆ కుర్రవాడు గుమ్మంలో నిలబడి, నేను ఏమంటానోనని నా ముఖం చూస్తుంటాడు. మీ నాయనకు ఎట్ల ఉందని అడగాలనే ఉంటుంది. ఆ ప్రశ్న ఇంటి యజమాని నోట ఎట్లా వినబడుతుందో నాకు తెలుసు. అడగకుండా దాటిపోతాను. అయ్యవారికి గర్వమని వాళ్లు అనుకుంటున్నారట.